రోగం పేరు విన్నాక మనసును కనిపెట్టి ఉండండి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి జబ్బుపడిన ఒక ఎడారి అరబ్బు వృద్ధుణ్ణి పరామర్శించడానికి వెళ్ళారు. రోగిని చూడబోయినప్పుడు ఫరవాలేదని, అల్లాహ్ తలిస్తే ఈ బాధ పాపాలను కడిగివేస్తుందని ధైర్యం చెప్పడం ఆయనకు అలవాటు. ఆ వృద్ధునికీ అదే మాట చెప్పారు. కాని అతడు ఆ ధైర్యాన్ని అందుకోలేదు. ఇది ముసలివాడి ఒంట్లో సలసల కాగుతున్న జ్వరమనీ, తనను గోరీకి చేర్చేదాకా వదలదనీ బదులిచ్చాడు.

సహీహ్ బుఖారీలో ఉన్న ఈ ఉదంతాన్ని మన ప్రసంగాలలో తరచుగా వింటాము. నిరాశ తగదని చెప్పడానికే దీనిని ఉదాహరిస్తారు. అది సరైనదే. అయితే మేము ఈ వారం దీనిని ఇంకొక వైపు నుంచి చూడమని కోరుతున్నాము. జ్వరం వచ్చినవారందరూ ఇలా మాట్లాడరు. ఎదుట సాక్షాత్తు దైవప్రవక్త కూర్చుని ఊరడిస్తున్నా ఒక మనిషికి గోరీ తప్ప మరేమీ కనిపించలేదంటే, ఆ మాటలో జ్వరం ఒక్కటే లేదు. అలాంటి మాట మన ఇంట్లో మంచంమీద ఉన్నవారి నోట వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాము? అసలు ఆ మాట వచ్చేదాకా ఆగడం ఎందుకు? ఫలానావారికి ఇలా జరిగే అవకాశం ఉందని ముందే కనిపెట్టగలమా?

క్యాన్సరో, గుండెపోటో, పక్షవాతమో, కిడ్నీ జబ్బో ఉందని తేలినప్పుడు దిగులు పడటం రోగం కాదు. రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఏడుపు రావడం మనిషన్నవారికి సహజం. చాలామంది క్రమంగా కుదుటపడతారు. కొందరు కుదుటపడరు. వారి దిగులు కుంగుబాటుగా, అంటే డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బుగా మారుతుంది. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారిని డాక్టర్లు స్వయంగా ప్రశ్నించి పరీక్షించిన అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి చూశారు. దాదాపు ఆరుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్లు తేలింది. పక్షవాతం వచ్చినవారిలో ఇంకా ఎక్కువ. ప్రతి పదిమందిలో ముగ్గురు ఏదో ఒక దశలో దీని పాలబడతారు.

ఇది మనసుకు సంబంధించిన విషయమే గదా, ముందు ప్రాణం దక్కనీయండి అనేవారున్నారు. వారు ఒక సంగతి గమనించాలి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. ఆసుపత్రిలో ఉండగానే కుంగుబాటుకు లోనైనవారు ఆరు నెలలలోపు మరణించే ప్రమాదం మిగతావారికన్న సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. గుండె ఎంత దెబ్బతిన్నదన్నది లెక్కలోకి తీసుకున్న తరువాత వచ్చిన అంకె ఇది. కుంగిన మనిషి మందు సరిగా వేసుకోడు, నడవమంటే నడవడు, మళ్ళీ రమ్మన్న తేదీకి ఆసుపత్రికి వెళ్ళడు. ప్రాణం దక్కించుకోవడంలో మనసు కూడా భాగమే.

స్వీడన్‌లో ఇంకా పెద్ద పరిశీలన జరిగింది. 1991 నుంచి 2006 వరకు 60 లక్షల మందికి పైగా పెద్దవారి రికార్డులు చూసి, 2012లో ప్రచురించారు. క్యాన్సర్ అని తెలిసిన మొదటి వారంలో ఆత్మహత్య ప్రమాదం ఆ జబ్బు లేనివారితో పోలిస్తే 12 రెట్లకు మించి ఉంది. మొదటి ఏడాది మొత్తంమీద మూడు రెట్లు. అదే మొదటి వారంలో గుండెజబ్బుతో మరణించేవారు కూడా పెరిగారు. సంఖ్యగా చూస్తే ఇలాంటి మరణాలు చాలా తక్కువే. రోగుల్లో అత్యధికులకు అలాంటి ఆలోచనే రాదు. అందుచేత ఈ అంకె విని ఎవరూ బెదిరిపోనక్కరలేదు. కాని ఒక పాఠం మాత్రం స్పష్టంగా ఉంది. రిపోర్టు చేతికి వచ్చిన వారం రోగిని ఒంటరిగా వదలకూడదు. మనవాళ్ళు ఆ వారంలో ఏం చేస్తారు? మగవాళ్ళందరూ డబ్బు సర్దడానికి తలొక దిక్కుకు పోతారు. ఆడవాళ్ళు వంటింట్లో గుసగుసలాడుకుంటారు. రోగి గదిలో ఒక్కడే ఫ్యాను చూస్తూ పడుకుని ఉంటాడు.

ఇది జోస్యం కాదు

ముందుగా తెలుసుకోవడం అనగానే కొందరికి అనుమానం రావచ్చు. రేపేమి జరుగుతుందో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. జ్యోతిష్కుల దగ్గరకు వెళ్ళడాన్ని దైవప్రవక్త (స) గట్టిగా వారించారు. మరి ఫలానా రోగి మనసు దెబ్బతింటుందని డాక్టరు ఎలా చెబుతాడు?

డాక్టరు చెప్పేది గైబ్ సంగతి కాదు. మబ్బు పట్టినప్పుడు ఆరేసిన మిరపకాయలు లోపలికి చేర్చడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వాన రావచ్చు, రాకపోవచ్చు. ఖలీఫా ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి సేనతో సహా వెనుదిరిగారు. అల్లాహ్ రాతనుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక విధిరాతనుంచి మరొక విధిరాతకే వెళ్తున్నామనే అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చారు. గుర్తులు చూసి జాగ్రత్తపడటం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదనడానికి అంతకన్న ఉదాహరణ ఏం కావాలి?

గుర్తులేమిటో ఇప్పుడు చూద్దాం. ఇంతకుముందు ఎప్పుడైనా కుంగుబాటు వచ్చి తగ్గినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అన్నిటికన్న బలమైన గుర్తులలో ఇది ఒకటి. అందుకే పెద్దాసుపత్రిలో డాక్టరు పాత జబ్బుల గురించి అడిగినప్పుడు బీపీ, షుగరు చెప్పి ఊరుకోకండి. పదేళ్ళ క్రితం కాన్పు తరువాత అమ్మీ ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదనీ, చాచా వ్యాపారం మునిగినప్పుడు మందులు వాడారనీ కూడా చెప్పండి. పరువు పోతుందని దాచే సంగతి ఇదే, డాక్టరుకు అక్కరకు వచ్చే సంగతీ ఇదే.

రెండవది నొప్పి. అదుపులో లేని నొప్పి రాత్రింబవళ్ళు తొలుస్తూ ఉంటే ఎంతటి ధైర్యవంతుడికైనా మనసు చిక్కబట్టుకోవడం కష్టం. మూడవది ఒంటరితనం. ఒంటరితనమంటే ఇంట్లో మనుషులు లేకపోవడమే కాదు. పదిమంది ఉన్న ఇంట్లో కూడా తన భయం చెప్పుకోవడానికి ఒక్కరు లేకపోవడం. ఇక అప్పు. ఇంటిపెద్దకే జబ్బు చేసి, ఆటో తాకట్టుపెట్టి, ఆడపిల్ల నిఖా వాయిదా వేసిన ఇంట్లో ఆ మనిషి తన రోగం కన్న తాను భారమయ్యానన్న ఆలోచనతోనే ఎక్కువ చిక్కిపోతాడు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పెద్ద ఆపరేషన్ల ఖర్చు చాలామందికి తప్పింది. కాని బస్సు చార్జీలు, పోయిన కూలి, వెంట వచ్చినవారి తిండి ఖర్చు ఏ కార్డులోనూ రావు. వయసు విషయంలో మనం అనుకునేదానికి భిన్నంగా, క్యాన్సర్ వచ్చినవారిలో ముసలివారికన్న నడివయసువారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా కుంగిపోవడం డాక్టర్లు గమనించారు.

వీటన్నిటికన్న ఉపయోగపడే గుర్తు ఇంకొకటి ఉంది. మొదటి కొద్ది వారాలలో రోగి మనసు ఎంత కలత చెందిందన్నదే తరువాతి నెలలలో ఏమవుతుందన్నదానికి మంచి సూచన. తొలి దిగులు ఎవరిలో తీవ్రంగా ఉంటుందో, వారిమీదనే ఒక కన్ను వేసి ఉంచాలి.

చికిత్స ముగిశాక మొదలయ్యే దిగులు

నెదర్లాండ్స్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 171 మంది స్త్రీలను రోగనిర్ధారణ నుంచి చికిత్స ముగిశాక కొన్ని నెలల వరకు పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో మూడోవంతుకు కొద్దిగా మించినవారు పెద్దగా చలించనే లేదు. మరో మూడోవంతు చికిత్స జరుగుతున్నంత కాలం బాధపడి తరువాత తేరుకున్నారు. సుమారు నూటికి పదిహేనుగురు మొదటినుంచి చివరిదాకా కుంగే ఉన్నారు. మిగిలిన పదిహేనుగురి సంగతే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. చికిత్స సాగినంత కాలం వారు బాగానే ఉన్నారు. అంతా ముగిసి ఇంటికి వచ్చాక కుంగిపోయారు.

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. చికిత్స రోజుల్లో ప్రతివారం ఒక పని ఉంటుంది. రక్తపరీక్ష, సెలైను, డాక్టరు పలకరింపు. పోరాడుతున్నామన్న ఊపు ఉంటుంది. చివరి కీమోథెరపీ అయిపోయిన నాడు ఇంట్లో అందరూ అల్హమ్దులిల్లాహ్ అని మిఠాయి పంచుతారు. మరునాటినుంచి ఎవరి పనుల్లో వారు పడతారు. అప్పుడు రోగికి మొదటిసారి తీరిక దొరుకుతుంది. జబ్బు మళ్ళీ వస్తుందేమోనన్న భయం ఆ తీరికలోకి వచ్చి కూర్చుంటుంది. పైగా అంతా అయిపోయింది గదా, ఇంకా ఈ నీరసమేమిటి, ఈ ముఖమేమిటి అని ఇంట్లోవారే విసుక్కుంటారు.

మన సమాజంలో రోగిని పరామర్శించడం ముస్లింకు ముస్లింపై ఉన్న హక్కులలో ఒకటి. ఆ హక్కును మనవాళ్ళు బాగానే తీరుస్తారు. కాని అందరూ ఒకే వారంలో తీరుస్తారు. ఆపరేషనైన మూడో రోజు గది నిండా జనం. మంచానికి చుట్టూ కుర్చీలు వేసుకుని ఎవరి బావమరిది ఇదే జబ్బుతో ఎలా పోయాడో వివరంగా చెబుతారు. అయిదో నెలలో తలుపు తట్టేవారుండరు. మేము మసీదు కమిటీలకు ఒక చిన్న సూచన చేస్తున్నాము. జమాఅతులో ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలిస్తే నాలుగు తేదీలు క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. రిపోర్టు వచ్చిన వారం, చికిత్స మొదలైన వారం, చికిత్స ముగిసిన నెల, ఆ తరువాత మొదటి స్కానింగు చేయించే రోజులు. ఆ నాలుగుసార్లు ఇద్దరు మనుషులు వెళ్ళి పావుగంట కూర్చుని వస్తే చాలు. స్త్రీల వద్దకు స్త్రీలు వెళ్ళాలి. జకాత్ నిధి ఉన్న చోట అర్హులైనవారికి మందుల ఖర్చుతోపాటు ప్రయాణ ఖర్చు కూడా ఇవ్వగలరేమో పెద్దలను అడిగి తెలుసుకోండి.

స్త్రీల విషయంలో ఇంకొక మాట. కీమోథెరపీ వల్ల జుట్టు రాలిపోతే, బురఖా వేసుకునేవారే గదా, బయట ఎవరు చూస్తారు అని తేలికగా తీసిపారేస్తారు. బురఖా వీధిలో. అద్దం ఇంట్లో. ఆ అద్దానికి గుడ్డ కప్పేసిన తల్లి ఉంటే, అది ఏ డాక్టరు స్కోరుకన్న తక్కువ గుర్తు కాదు.

నమాజు మానేసినప్పుడు

ఇదివరకు అయిదు పూటలా నమాజు చేసే మనిషి జబ్బుపడ్డాక ముసల్లామీదకు రావడం మానేస్తే ఇంట్లో గద్దింపు మొదలవుతుంది. కారణం కనుక్కునేవారు తక్కువ. పేగు ఆపరేషనై పొట్టమీద సంచి అమర్చినవారు, మూత్రానికి గొట్టం వేసినవారు తమకు తహారత్ ఉండదనుకుని సిగ్గుతో నమాజుకు దూరమవుతారు. ఎవరినీ అడగరు. ఇలాంటివారిని షరీఅత్ మాజూర్‌గా, అంటే సడలింపు పొందినవారిగా గుర్తించింది. హనఫీ ఉలమా చెప్పినదాని ప్రకారం ఒక నమాజు వేళకు ఒక వుజూ సరిపోతుంది. ఆ వేళ ముగిసేదాకా అదే బాధవల్ల వుజూ భంగం కాదు. నీళ్ళు తగలకూడనివారికి తయమ్ముమ్ ఉంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ అడిగినప్పుడు దైవప్రవక్త (స) సెలవిచ్చారు. రోగికి రోజా విషయంలో ఉన్న సడలింపు సూరె బఖరాలోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆరాధనల పుణ్యం జబ్బుపడినవారి ఖాతాలో రాయబడుతూనే ఉంటుందని కూడా హదీసులో ఉంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, కుంగుబాటు అపరాధభావాన్ని పట్టుకుని పెరుగుతుంది. రమజానులో అందరూ సహరీకి లేస్తుంటే మందులకోసం పగలు నీళ్ళు తాగవలసిన రోగి తాను పాపినని కుమిలిపోతాడు. ఈ సడలింపులు తెలిసినవారు ఆ భారాన్ని దించగలరు. అన్నీ తెలిపినా, నొప్పి తగ్గినా, ఆ మనిషి ఇంకా తనను అల్లాహ్ వదిలేశాడని, ఇది తన పాపానికి శిక్ష అని రోజుల తరబడి అంటూనే ఉంటే, అది ధర్మసందేహం కాదు. ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి.

ఈమాన్ బలహీనమైనందువల్లే దిగులు వస్తుందనే మాటను మేము ఒప్పుకోము. కుమారుడు యూసుఫ్ (అలై) కోసం శోకించి హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడిపోయాయని ఖుర్ఆన్ చెబుతున్నది. ఆయన సుందరమైన సహనాన్ని పాటించినవారు కూడా. తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు వర్షించాయి. ప్రవక్తలే ఏడ్చిన చోట మన అబ్బాజాన్ ఏడిస్తే ఈమాన్‌ను తూకం వేయడానికి మనమెవరము? దుఆ చదివి ఊదండి, ఎవరూ వద్దనరు. జిన్ను పట్టిందని, నజర్ తగిలిందని ఊరూరూ తిప్పి, కీమోథెరపీ తేదీ దాటబెట్టడం మాత్రం ప్రాణంతో చెలగాటం. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు పంపాడని చెప్పిన హదీసు శరీరానికొకటి, మనసుకొకటి అని విడదీయలేదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో తొమ్మిదో శతాబ్దంలో పుట్టి 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశాడు. పేరు మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్. వైద్యులు దేహాన్ని మాత్రమే చూసి మనసును వదిలేస్తున్నారని ఆయన అప్పుడే ఆక్షేపించాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం లేకుండా దేహంలోనుంచి పుట్టే దిగులు వేరు అని విడమరచి, రెండోదానికి మందు కూడా అవసరమన్నాడు. అత్యవసరానికి ఇంట్లో మందులు దాచుకున్నట్లే మనసు బాగున్న రోజుల్లోనే మంచి ఆలోచనలు కొన్ని కూడబెట్టి ఉంచుకోవాలన్నది ఆయన సలహా. వెయ్యేళ్ళ కింద చెప్పిన ముందుజాగ్రత్త ఇది.

రెండు ప్రశ్నలు, ఒక కొలబద్ద

ఆసుపత్రులలో ఇప్పుడు వాడే కొలతలు చాలా సులువైనవి. జ్వరం చూసే థర్మామీటరులాగా కాగితంమీద సున్నా నుంచి పది వరకు గీత గీసి, గత వారం రోజుల్లో మీ మనసులోని కలత ఎంత ఉందో గుర్తుపెట్టమంటారు. నాలుగు, అంతకు మించితే ఇంకా వివరంగా మాట్లాడతారు. ఇంకొక పద్ధతిలో రెండే ప్రశ్నలు. గడచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్నాళ్ళున్నారు? దిగులుగా, నిరాశగా ఎన్నాళ్ళున్నారు? ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు మార్కులు. రెండూ కలిపి మూడు వస్తే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఇస్తారు.

నిద్రలేమి, ఆకలి మందగించడం, నీరసం అనేవి కుంగుబాటు లక్షణాలే. కాని క్యాన్సరుకు, దాని మందులకు కూడా అవే లక్షణాలు. మరి తేడా తెలిసేదెలా? మనవడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే నానీ ముఖం వికసిస్తున్నదా లేదా చూడండి. ఒళ్ళు అలసినా మనసు బాగున్న మనిషి ఆ క్షణం నవ్వుతుంది. కుంగిన మనిషికి ఆ పసివాడి మాటలు కూడా దూరంగా వినిపిస్తాయి. ఆసక్తి చచ్చిపోవడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన, చావే నయమనడం, ఇవి శరీరపు జబ్బుతో వచ్చేవి కావు. ఈ చిక్కు తెలిసే 1983లో ఇద్దరు వైద్యులు ఒళ్ళు సంగతులు వదిలేసి మనసు సంగతులే అడిగే 14 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. నేటికీ ఆసుపత్రుల్లో అది వాడుకలో ఉంది.

స్కోరు వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్లు కాదు. లెక్కకోసం అనుకుందాం. నూరుమంది రోగుల్లో 16 మందికి నిజంగా కుంగుబాటు ఉంది. మన పట్టిక వారిలో 13 మందిని పట్టుకుంది, బాగున్న 84 మందిలో కూడా 20 మందిని పొరపాటుగా చూపింది. అంటే పట్టిక చూపిన 33 మందిలో 20 మందికి జబ్బు లేదు. ముగ్గురు తప్పించుకున్నారు. అందుచేతనే పట్టిక తరువాత మనిషి మాట్లాడాలి. ఇప్పుడు కంప్యూటరు సహాయంతో వేలాది రోగుల వివరాలు చూసి ఎవరు కుంగుతారో అంచనా వేసే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. వాటికీ ఈ లెక్క వర్తిస్తుంది.

ఇంట్లో అడగవలసిన కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. బతకడం ఎందుకు అనిపిస్తున్నదా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందువల్ల చాలామంది బరువు దించుకుంటారు. బాధ భరించలేక చావును కోరుకోవద్దని, బతుకు మేలైనంత కాలం బతికించమని, చావు మేలైనప్పుడు తీసుకుపొమ్మని అల్లాహ్‌ను వేడుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. మనుషులకు అలాంటి కోరిక పుడుతుందని ఎరిగే ఆయన ఆ దుఆ నేర్పారు. అవునని జవాబు వస్తే తిట్టవద్దు, నరకం గురించి ప్రసంగించవద్దు. పక్కన మనిషిని ఉంచి అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

కొన్నిసార్లు మనసు మార్పుకు మూలం మందులోనే ఉంటుంది. వాంతులు తగ్గడానికి, వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్లు కొందరిలో నిద్ర చెడగొట్టి మూడ్ తలకిందులు చేస్తాయి. మొండి క్షయకు వాడే సైక్లోసెరిన్ దిగులు, మతిభ్రమ కూడా కలిగించగలదు. మెడకు రేడియేషన్ ఇచ్చినవారిలో తరువాత థైరాయిడ్ మందగించి కుంగుబాటులాగా కనిపించవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి హఠాత్తుగా తికమకగా మాట్లాడితే, వేళా మనుషులూ తెలియకపోతే దిగులనుకుని ఇంట్లో ఉంచవద్దు. రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు, ఇన్ఫెక్షన్ ముదిరి ఉండవచ్చు. అది అత్యవసరం.

చెప్పకుండా దాచడం

మన ఇళ్ళలో రోగికి రోగం పేరు చెప్పకపోవడం రివాజు. గడ్డ అంటారు, పుండు అంటారు. అబ్బాకు చెప్పకండి డాక్టరుగారూ అని కొడుకు ముందే లోపలికి వెళ్ళి బతిమాలుకుంటాడు. ప్రేమతోనే చేస్తాడు. అయితే ఆ అబ్బాను తీసుకువెళ్ళేది క్యాన్సర్ ఆసుపత్రికి. గేటుమీద అక్షరాలు మనిషి నిలువెత్తున ఉంటాయి. ఆయనకు చదువు రాకపోయినా పక్క బెంచీమీది వారికి నోరుంది. తెలిసిపోయిన సంగతి తెలియనట్లు నటించడంలో తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు అలసిపోతారు. ఇద్దరూ ఎవరితోనూ మాట్లాడలేరు. పైన చెప్పిన రెండు ప్రశ్నలు ఆ ఇంట్లో అడిగే వీలే ఉండదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో రోగినే అడిగి, అడిగినంతవరకు నిజం చెప్పడం మేలని మా అభిప్రాయం. అన్నీ ఒకే రోజు చెప్పనక్కరలేదు.

గుర్తించినంత మాత్రాన ఉపయోగమేమిటని అడగవచ్చు. ఉపయోగం ఉంది. బ్రిటన్‌లో క్యాన్సరుతోపాటు కుంగుబాటు ఉన్న 500 మందిపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. శిక్షణ పొందిన నర్సులు, మానసిక వైద్యులు కలిసి క్రమం తప్పకుండా చూసినవారిలో నూటికి 62 మందికి కుంగుబాటు సగానికి సగం తగ్గింది. మామూలు పద్ధతిలో వదిలేసినవారిలో తగ్గింది 17 మందికే. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిలో సగం మందికి మొదటినుంచే నొప్పినీ మనసునూ చూసే ఉపశమన చికిత్స జోడించారు. 2010లో వచ్చిన ఫలితాలలో ఆ చికిత్స పొందినవారిలో 16 శాతం మందికి, పొందనివారిలో 38 శాతం మందికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. పొందినవారు రెండున్నర నెలలకు పైగా ఎక్కువ కాలం బతికారు కూడా. హైదరాబాదులోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన విభాగం ఉంది. ఆఖరి ఘడియల్లో వెళ్ళే చోటు అనుకుని చాలామంది ఆ గుమ్మం తొక్కరు. నిజానికి మొదటి నెలలోనే వెళ్ళవచ్చు.

మానసిక వైద్యుడు మందు రాస్తే దానికి అలవాటు పడిపోతామన్న భయం వద్దు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. తగ్గిందని ఒక్కసారిగా ఆపకూడదు. రొమ్ము క్యాన్సరుకు టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కుంగుబాటు మందులలో పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వంటివి దాని పనిని అడ్డగించగలవు. వేరే మందులున్నాయి, డాక్టరు మార్చి ఇస్తాడు. జిలటిన్ క్యాప్సూల్ గురించి సందేహముంటే మాత్ర రూపంలో దొరుకుతుందేమో అడగండి. రమజానులో మందు వేళలు మార్చవచ్చా లేదా అన్నది నెల ముందే కనుక్కోండి. జిల్లా ఆసుపత్రికి వెళ్ళలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. పైసా ఖర్చు లేదు. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగే చేయాలని లేదు, రోగిని చూసుకుంటూ తానూ నలిగిపోతున్న కోడలో, భార్యో కూడా చేయవచ్చు.

ఇంటి ఆడవారికి చివరగా ఒక వంటకం గుర్తుచేస్తున్నాము. ఇంట్లో మరణం సంభవించినప్పుడు, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు హజ్రత్ ఆయెషా (రజి) తల్బీనా వండించేవారు. అది రోగి గుండెకు ఊరటనిచ్చి దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. రెండు చెంచాల బార్లీ పిండిని ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి సన్నని సెగమీద పది పదిహేను నిమిషాలు కలియబెడుతూ ఉడికించి, పాలు పోసి దించాలి. తేనె కలుపుకోవచ్చు, షుగరు ఉన్నవారికి వద్దు. కీమోథెరపీ రోజుల్లో నోరు పూసినవారికి చల్లార్చి, పలుచగా చేసి ఇవ్వండి. కిడ్నీ జబ్బు ఉండి ఆహారంలో పథ్యం చెప్పినవారికైతే ముందు డాక్టరును అడగండి. గిన్నె అందించి వచ్చేయకుండా, వారు తాగేంతసేపు పక్కనే కూర్చోండి.